ఫీజు కట్టేస్తే సరిపోదండీ: ఎడిన్‌బరాలో మా పై అంతస్తు అమ్మాయిల స్కాలర్‌షిప్ సంగతి

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? ఇక్కడ బ్రిటన్‌లోని ఎడిన్‌బరాలో ఈ రోజు శనివారం. సన్నగా తుంపర పడుతోంది. పాపను స్విమ్మింగ్ క్లాసులో దింపేసి యూనివర్సిటీ వైపు నడుస్తున్నాను. ఇదిగో, ఈ పెద్ద పచ్చిక మైదానాన్ని మెడోస్ అంటారు. ఇది దాటితే జార్జ్ స్క్వేర్, పక్కనే యూనివర్సిటీ లైబ్రరీ.

మొన్నొక వీడియోలో మా పై అంతస్తు అమ్మాయిలు ఒక్క క్షణం కనిపించారు కదా. అది చూసి మా పిన్ని ఒంగోలు నుంచి ఫోన్ చేసింది. “ఏమే, ఆఫ్రికా నుంచి వచ్చి అంతంత ఫీజులు ఎట్లా కడుతున్నారే? బాగా ఉన్నవాళ్ల పిల్లలా?” అని అడిగింది. కాదు పిన్నీ. ఒకమ్మాయి మలావీలో జిల్లా ఆసుపత్రి నర్సు, ఇక్కడ పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ చేస్తోంది. ఇంకో అమ్మాయి టాంజానియాలో హైస్కూల్లో లెక్కలు చెప్పేది. ఇద్దరూ నన్ను ఆంటీ అనే పిలుస్తారు. ఇద్దరూ స్కాలర్‌షిప్ మీదే వచ్చారు. ఈ వీడియో గురించి వాళ్లకు ముందే చెప్పాను. పేర్లు, మొహాలు వద్దన్నారు, కాబట్టి చూపించను.

ముందు ఖర్చు సంగతి. ఇక్కడ బయటి దేశాల పిల్లలకు ఒక ఏడాది మాస్టర్స్ అంటే చాలా కోర్సులకు 30 వేల పౌండ్లు అటూ ఇటూ ఉంటుంది. మన ఇళ్లలో ఫీజు అనగానే లెక్క అక్కడితో ఆగిపోతుంది. అసలు టెన్షన్ ఆ తర్వాత మొదలవుతుంది. స్టూడెంట్ వీసా ఫీజు 2025 ఏప్రిల్‌లో 524 పౌండ్లు అయింది. దాని మీద హెల్త్ సర్‌ఛార్జ్, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్యం వాడుకోవడానికి కట్టే డబ్బు. విద్యార్థులకు ఏడాదికి 776 పౌండ్లు. ఏడాది కోర్సుకు వీసా పదహారు నెలలు ఇస్తారు కాబట్టి ఏడాదిన్నర లెక్క కట్టి 1,164 పౌండ్లు ముందే తీసుకుంటారు. టీబీ పరీక్ష చేయించుకోవాలి, మన దగ్గర చేయించుకున్నట్టే మలావీలో, టాంజానియాలో, నైజీరియాలో కూడా తప్పదు. ఇవన్నీ అయ్యాక బ్యాంకులో డబ్బు చూపించాలి. లండన్ బయట చదివేవాళ్లు నెలకు 1,136 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలలకు, అంటే 10,224 పౌండ్లు, 28 రోజులు కదలకుండా ఖాతాలో ఉంచాలని 2025 మొదట్లో రూలు. తర్వాత అది ఇంకా పెరిగింది.

మనవాళ్లు దీనికి ఏం చేస్తారో మీకు తెలుసు. ఇల్లు తనఖా పెడతారు, లోన్ తీసుకుంటారు, లేదా మేనమామ ఖాతాలోంచి నెల రోజులకు సర్దుతారు. మా నర్సమ్మాయిని అడిగితే, వాళ్ల నాన్న పొలం మీద ఏ బ్యాంకూ అప్పివ్వదని చెప్పింది. ఆ భూమి ఊరి ఆచారం ప్రకారం వాళ్ల కుటుంబానిదే గానీ చేతిలో పట్టా కాగితం లేదు.

అందుకే స్కాలర్‌షిప్ అన్న మాట విన్నప్పుడు నేను ఒక్కటే అడుగుతాను. పూర్తిగానా, సగమా? సగం స్కాలర్‌షిప్ ఏనుగునిచ్చి అంకుశం ఇవ్వకపోవడమే. ఐదు వేల పౌండ్ల రాయితీ ఇచ్చామని బ్రోషర్‌లో నవ్వుతున్న ఆఫ్రికా అమ్మాయి ఫొటో వేసుకుంటారు. మిగతా పాతిక వేలు ఎవరు తెస్తారో అందులో ఉండదు.

దీనివల్ల నలిగిన ఒక మనిషిని దగ్గరగా చూశాను. ఈ అమ్మాయిల కంటే ముందు అదే ఫ్లాట్‌లో నైజీరియా అబ్బాయి ఉండేవాడు, ఎలక్ట్రికల్ ఇంజినీరు. అతను చదివిన యూనివర్సిటీ వేరే, పేరు వద్దు. ఫీజులో కొంత రాయితీ ఇచ్చారు, మిగతాది విడతలుగా కట్టుకోమన్నారు. ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న డబ్బు, అక్క ఇచ్చిన డబ్బు కలిపి లెక్క సరిపోయిందనుకున్నాడు. 2023 జూన్‌లో నైజీరియా ప్రభుత్వం తమ కరెన్సీ నైరా విలువను మార్కెట్‌కు వదిలేసింది. అంతకు ముందు డాలరుకు 460 నైరాలు దాకా ఉన్న రేటు 2024 వచ్చేసరికి 1,500 దాకా పోయింది. ఒక్కసారి ఊహించుకోండి. ఖాతాలో అంకె మారలేదు, కానీ దానితో వచ్చే పౌండ్లు మూడో వంతుకు పడిపోయాయి. రెండో విడత కట్టే వారం మా వంటగదిలో కూర్చుని ఫోన్‌లో రేటు చూస్తూనే ఉన్నాడు. టీ చల్లారిపోతే రెండుసార్లు మళ్లీ వేడి చేసి ఇచ్చాను. ఫీజు కట్టకపోతే పేరు తీసేస్తామని మెయిల్. పేరు తీస్తే వీసా పోతుంది. క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయడానికి వీసా ఒప్పుకోదు. చివరికి వాళ్ల చర్చి వాళ్లు తలా కొంత వేసి ఆదుకున్నారు. చదువు పూర్తి చేశాడు, మంచి మార్కులు కూడా వచ్చాయి. కానీ ఆ పిల్లాడి ఏడాది అంతా రేటు చూసుకోవడంలోనే గడిచిపోయింది. పౌండ్లలో పూర్తిగా ఇచ్చే స్కాలర్‌షిప్ ఉండి ఉంటే ఆ బాధ ఒక్క రోజు కూడా ఉండేది కాదు.

సరే, పూర్తి స్కాలర్‌షిప్ అంటే ఏమిటో చూద్దాం. మా మలావీ అమ్మాయిది మాస్టర్‌కార్డ్ ఫౌండేషన్ స్కాలర్స్ ప్రోగ్రామ్. ఫౌండేషన్‌ను టొరంటోలో 2006లో పెట్టారు, ఈ స్కాలర్స్ ప్రోగ్రామ్ 2012లో మొదలైంది. ఎడిన్‌బరా యూనివర్సిటీ 2016 నుంచి ఇందులో ఉంది. బాగా చదివే తెలివి ఉండి, చదివించే స్తోమత లేని ఆఫ్రికా పిల్లలకే ఇది. స్కాలర్లలో 70 శాతం అమ్మాయిలు ఉండాలన్నది ఫౌండేషన్ పెట్టుకున్న లక్ష్యం. శరణార్థులైన పిల్లలకు కూడా చోటు ఉంది. ఫీజు, గది అద్దె, నెలవారీ ఖర్చు, వీసా, విమానం టికెట్ అన్నీ అందులోనే. ఆ స్కాలర్‌షిప్ ఇచ్చినట్టు ఉత్తరం ఉంటే బ్యాంకులో పది వేల పౌండ్లు చూపించే పని కూడా తప్పుతుంది.

టాంజానియా అమ్మాయిది కామన్వెల్త్ షేర్డ్ స్కాలర్‌షిప్. ఖర్చులో కొంత బ్రిటన్ ప్రభుత్వం తరఫున కామన్వెల్త్ స్కాలర్‌షిప్ కమిషన్, కొంత యూనివర్సిటీ పెట్టుకుంటాయి. ఈ అమ్మాయి తన అవార్డు ఉత్తరం నాకు చూపించింది. ప్లాస్టిక్ ఫోల్డర్‌లో సర్టిఫికెట్లు, టీబీ రిపోర్టు, పుట్టిన తేదీ కాగితం, అన్నిటికంటే పైన ఆ ఉత్తరం. చదువుతూ పోతే ఒక చోట చలిబట్టల అలవెన్స్ అని ఉంది. నాకు ఆ లైను ఎంత నచ్చిందో చెప్పలేను. చలి అంటే తెలియని ఊరి నుంచి వస్తున్న పిల్లకు కోటు కొనుక్కోవడానికి డబ్బు కావాలని ఎవరో ఒకరు ఆఫీసులో కూర్చుని ఆలోచించారు కదా!

ఆ కోటు కొనడానికి నేనే తీసుకెళ్లాను. నికల్సన్ స్ట్రీట్ మీద చారిటీ షాపులు వరుసగా ఉంటాయి, వాడిన బట్టలు శుభ్రం చేసి చవగ్గా అమ్ముతారు. కొత్తగా వచ్చేవాళ్లకు నేనిచ్చే సలహా ఒక్కటే. లావుగా ఉందా అని కాదు, గాలి ఆపుతుందా అని చూడండి. ఈ ఊళ్లో చలి కంటే గాలి పొగరు ఎక్కువ. ముదురు ఆకుపచ్చ కోటు ఎంచుకుంది, మోకాళ్ల దాకా. డిసెంబర్‌లో ఇక్కడ మధ్యాహ్నం 3:40కే సూర్యుడు వెళ్లిపోతాడు. లైబ్రరీ నుంచి చీకట్లో నడిచొచ్చే పిల్ల ఒంటి మీద ఆ కోటు కనిపిస్తే నాకు ధైర్యంగా ఉంటుంది.

ఇప్పుడు జార్జ్ స్క్వేర్‌కు వచ్చేశాం. ఆఫ్రికా వాళ్లు ఈ యూనివర్సిటీకి రావడం నిన్న మొన్నటి సంగతి కాదు. జేమ్స్ ఆఫ్రికానస్ బీల్ హార్టన్ అని సియెర్రా లియోన్ ఆయన 1859లో ఇక్కడ ఎం.డి. పట్టా తీసుకున్నారు. పశ్చిమ ఆఫ్రికాలో సైన్యానికి డాక్టర్లు కావాలని బ్రిటిష్ వాళ్లే ఎంపిక చేసి, వాళ్ల ఖర్చుతోనే చదివించారు. ఆఫ్రికా జాతులు తక్కువ తెలివి గలవని అప్పట్లో ఇక్కడి పండితులు కొందరు రాస్తున్న రోతకు ఆయన 1868లో ఒక పుస్తకమే రాసి జవాబిచ్చారు. తమను తాము పాలించుకునే శక్తి తమవాళ్లకు ఉందని అందులో వాదించారు. చదివించినవాళ్లు సైన్యం కోసం చదివించారు, ఆయన చదువును ఎక్కడ వాడారో చూడండి.

తర్వాత జూలియస్ న్యెరేరే. టాంజానియా తొలి అధ్యక్షుడు. ఆయన ఉగాండాలోని మకెరెరే కాలేజీలో చదివి, వాళ్ల దేశంలోని తబోరా ఊళ్లో బడిపంతులుగా పనిచేసి, 1949లో స్కాలర్‌షిప్ మీదే ఇక్కడికొచ్చి 1952లో ఎం.ఏ. పూర్తి చేశారు. వాళ్ల దేశంలో ఇప్పటికీ ఆయన్ను మ్వాలిము అంటారు, అంటే మాస్టారు. ఆయన పేరుతో టాంజానియా విద్యార్థులకు ఈ యూనివర్సిటీ మాస్టర్స్ స్కాలర్‌షిప్ పెట్టింది. మా లెక్కల టీచరమ్మ మొదటి వారమే ఆయన చదివిన చోట నిలబడి ఫొటో తీయించుకుని వాళ్ల హెడ్‌మాస్టర్‌కు పంపింది. ఆయన దాన్ని ప్రింట్ తీయించి స్టాఫ్ రూమ్‌లో పెట్టారట.

దరఖాస్తు గురించి కూడా చెప్పాలి. నర్సమ్మాయికి అన్నిటికంటే కష్టమైంది పరీక్షలూ కాదు, ఇంటర్వ్యూ కూడా కాదు. ఇంటి పరిస్థితి రాయడం. ఇంట్లో ఎంతమంది, ఎవరు సంపాదిస్తారు, ఏ ఏడాది ఫీజు కట్టలేక చదువు ఆగింది, ఇవన్నీ తెలియనివాళ్లకు రాసి ఇవ్వాలి. “మా అమ్మ పడిన కష్టం అమ్ముకుంటున్నట్టు అనిపించింది ఆంటీ” అంది. ఆ మాటకు నాకు గొంతు పట్టేసింది. డబ్బు లేనివాళ్లకే ఇవ్వాలంటే లేదని తెలియాలి కదా అనే వాదన నిజమే. అయినా ఆ వివరాలు ఒక్కసారి, ఒక్క చోట, తక్కువ మాటల్లో అడగొచ్చు. ప్రతి సంస్థకూ మళ్లీ మళ్లీ మొదటి నుంచి కన్నీళ్ల కథ రాయించుకోవడం మర్యాద కాదు.

ఇంటికొచ్చేశాను. ఈ రోజు వంట పై ఫ్లాట్‌లో. వాళ్లిద్దరి దేశాలు పక్కపక్కనే కాబట్టి తిండి విషయంలో గొడవ లేదు. మొక్కజొన్న పిండితో సంకటి. మలావీలో న్సిమా, టాంజానియాలో ఉగాలి. పక్కన ఆకుకూరలో వేరుశనగ పొడి వేసి ఉడికించారు. చూడండి, పొడి చివర్లో కాదు, ఆకు మెత్తబడగానే వేసేస్తారు. సన్న సెగ మీద నూనె పైకి తేలేదాకా కలుపుతూనే ఉంటారు. నేను మా ఇంటి నుంచి గోంగూర పచ్చడి తెచ్చాను. సంకటితో అద్దుకుని తింటే ముగ్గురం మాటల్లేకుండా తినేశాం.

తింటూ అడిగాను, నెల ఖర్చుకిచ్చే డబ్బు సరిపోతుందా అని. సరిపోతుంది, కానీ ఇద్దరూ అందులో మిగిల్చి ఇంటికి పంపుతారు. నర్సమ్మాయి ఉద్యోగం మానేసి వచ్చింది. ఆ జీతం మీదే ఇద్దరు తమ్ముళ్ల బడి ఫీజులు నడిచేవి. స్కాలర్‌షిప్ ఈమెను చదివిస్తుంది గానీ ఆగిపోయిన జీతాన్ని ఎవరు భర్తీ చేస్తారు? ఇల్లు నడిపే ఆడపిల్లలు చాలామంది దరఖాస్తు దాకా రాకుండానే ఆగిపోయేది ఇక్కడేనని నా నమ్మకం.

తిరిగి వెళ్లే సంగతి కూడా వచ్చింది. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్ తీసుకుంటే చదువయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండాలి. కామన్వెల్త్ వాళ్లు కూడా తిరిగి వెళ్లాలనే షరతు పెడతారు. టీచరమ్మకు ఆ షరతు బరువేం కాదు, ఆమె బడి ఆమె కోసం ఎదురు చూస్తోంది. నర్సమ్మాయి మాత్రం వెళ్తే ఆసుపత్రిలో మందులు ఉంటాయా, ఉద్యోగం ఖాళీ ఉంచుతారా అని ఆలోచిస్తోంది. వెళ్లడానికి సిద్ధమే. వెళ్లాక పని చేయనిచ్చే చోటు కావాలంటోంది, అందులో తప్పేముంది?

మన పిల్లలకు పనికొచ్చే ముక్క ఒకటి ఉంది, రాసుకోండి. చెవెనింగ్, కామన్వెల్త్ షేర్డ్ రెండూ భారతీయులకు కూడా ఉన్నాయి. చెవెనింగ్‌కు కనీసం రెండేళ్ల ఉద్యోగ అనుభవం కావాలి. షేర్డ్‌కు కమిషన్ వెబ్‌సైట్‌లో ఒక దరఖాస్తు, యూనివర్సిటీలో అడ్మిషన్‌కు విడిగా ఇంకోటి పెట్టాలి. ఒకటి పెట్టి రెండోది మరిచిపోయి నోటిదాకా వచ్చింది పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

తెలంగాణ ప్రభుత్వం అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యా నిధి కింద ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 20 లక్షల రూపాయల దాకా ఇస్తుంది. చాలా మంచి పథకం. కానీ ఆ డబ్బు విడతలుగా, పిల్లలు విమానం దిగాకే చేతికి వస్తుంది. దిగేదాకా అయ్యే ఖర్చుకు మళ్లీ వడ్డీ అప్పే. పూర్తి స్కాలర్‌షిప్ దొరకని ఆఫ్రికా పిల్లల కథా, మన కరీంనగర్ పిల్లల కథా కలిసేది అక్కడే.

ఇక్కడి మా తెలుగు సంఘం కూడా స్కాలర్‌షిప్ పెడదామని చూస్తోంది, వచ్చే నెల మీటింగ్ ఉంది. ఫీజులో వెయ్యి పౌండ్లు రాయితీ అని ఫ్లెక్సీ వేసే బదులు ఆ డబ్బును ఇద్దరు ముగ్గురికి వీసా ఫీజుగా, టికెట్‌గా, టీబీ పరీక్షకు ముందే ఇద్దామని నేను అడగబోతున్నాను. మన పిల్లలకే కాదు, ఏ దేశం పిల్లలకైనా సరే. ఆ మీటింగ్‌కు ఈ అమ్మాయిలిద్దరినీ రమ్మన్నాను. ఇంటి నుంచి ఇక్కడిదాకా అయిన ప్రతి ఖర్చునూ కాగితం మీద రాసుకొస్తామన్నారు.