వేపాకు నీళ్లు ఎన్నాళ్లు పనికొస్తాయి?

(నర్సంపేట దగ్గరి ఒక ఊళ్లో మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగం)

అక్కలకు, చెల్లెళ్లకు నమస్కారం.

వేప గొప్పతనం మీకు నేను చెప్పేదేముంది! పిల్లకు అమ్మవారు పోస్తే మంచం మీద మండలు పరిచిందీ, తగ్గినంక వేపాకు, పసుపు వేసి తలకు పోసిందీ మీరే. కాబట్టి పొగడ్తలు పక్కన పెట్టి మీరు అడిగిన మాటకే వస్తాను. వేపాకు రసం సీసాల్లో పోసి అమ్ముకోవచ్చా?

మిర్చి తోటకు వేప గింజల కషాయం కొట్టినవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు. 5 కిలోల పలుకుల పొడి రాత్రంతా నానబెట్టి, పిండి, సబ్బు నీళ్లు కలిపి 100 లీటర్లు చేస్తారు. కొట్టేది ఎప్పుడు? సాయంత్రం పూట. ఎండ తగిలితే అందులో పురుగును అణిచే అజాడిరాక్టిన్ అనే పదార్థం పాడవుతుంది గనుక. పురుగు మందుకు ఇంత జాగ్రత్తపడే మనమే, తలకు రాసే నీళ్ల సీసాను కిటికీలో నెల రోజులు పెడతాం.

ఆకు సంగతి వేరు. అజాడిరాక్టిన్ ఎక్కువగా ఉండేది గింజలో. ఆకులో నింబోలైడ్, క్వెర్సెటిన్ లాంటి పదార్థాలు ఉంటాయి. వీటిలో చాలావరకు నీళ్లలో సరిగా కరగవు, ఆల్కహాల్‌లో బాగా దిగుతాయి. ల్యాబ్‌లో పరీక్షించే సారం తరచుగా అలా తీసిందే. దాని ఫలితాలు చూపించి మన పొయ్యి మీది కషాయానికి ప్రచారం చేసుకోవడం న్యాయం కాదు.

అయినా ఇంటి కషాయం వృథా ఏమీ కాదు. రెండు గుప్పెళ్ల ఆకు కడిగి, లీటరు నీళ్లలో సన్న మంట మీద పది నిమిషాలు మరిగించండి. ఆకు నిగనిగ పోయి గోధుమ కలిసిన ఆకుపచ్చకు తిరుగుతుంది, నీళ్లు పసుపు పచ్చగా దిగుతాయి. వడగట్టి, చల్లార్చి ఆ పూటే వాడేయాలి. ఫ్రిజ్‌లో అయితే మహా అంటే రెండు రోజులు. ఆ తర్వాత గానీ, అంతకుముందే అడుగున జిగురు తీగలు కనబడినా గానీ పారబోయండి. “వేప క్రిములను చంపుతుంది కదా సారూ, అందులోనే క్రిములెట్ల పుడతయి?” అని ఇందాక ఒక అక్క అడిగింది. మంచి ప్రశ్న. వేప కొన్నింటినే అణుస్తుంది, అదీ చిక్కగా ఉంటేనే. గోకి గోకి పుండైన తల మీద పాడైన నీళ్లు పోస్తే కురుపులు లేస్తాయి.

చుండ్రుకు కారణమైన మలసీజియా అనే ఫంగస్‌ను వేప సారం ల్యాబ్‌లో అణిచింది. కాబట్టి చుండ్రుకు వాడి చూడొచ్చు. పేలకైతే గింజల సారంతో చేసిన షాంపూలే పనిచేశాయి, ఆకు నీళ్ల మీద ఆశ పెట్టుకోవద్దు. గజ్జి మీద 1992లో ఒక అధ్యయనం అచ్చయింది. 814 మందికి వేపాకు, పసుపు ముద్ద రాస్తే 97 శాతం మందికి 3 నుంచి 15 రోజుల్లో తగ్గిందట. కానీ ముద్ద రాయనివాళ్లతో పోల్చి చూడలేదు. అందుకే డాక్టర్ మందు మానొద్దు. తామర ఉంటే, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ అసలే వద్దు, తగ్గినట్టే తగ్గి ఇంకా పాకుతుంది. రంగు తేలడం, జుట్టు ఒత్తుగా రావడం లాంటివి లేబుల్ మీద రాయకండి.

వేప నూనె మాత్రం చంటిపిల్లలకు తాగించొద్దు. వాంతులు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వచ్చిన కేసులున్నాయి.

ఇక అమ్మకం. సబ్బయినా, షాంపూ అయినా తయారుచేసి అమ్మాలంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ కింద లైసెన్స్ కావాలి. నా సలహా అడిగితే సీసా వద్దు, ఎండుటాకు మేలు. నీడన ఆరబెట్టి, పట్టుకుంటే పుటుక్కున విరిగేదాకా ఎండనిచ్చి, లైసెన్స్ ఉన్న తయారీదారుకు అమ్మండి. పత్తి చేల గట్ల మీది చెట్ల ఆకు తెంపొద్దు, పిచికారీ మందు దాని మీద పడి ఉంటుంది. 2021 నుంచి మన దగ్గర వేపల కొనలు ఎండిపోతున్నాయి కదా, అలాంటి చెట్లనూ వదిలేయండి.

ఇప్పుడు మీరు చేసి తెచ్చిన ఆ సబ్బులు చూద్దాం, ఇటు ఇవ్వండి.