కోడ్ చెప్పేది సగమే

శ్రోతలకు నమస్కారం. పాత కారు ఉన్నవాళ్లకి ఈ టెన్షన్ తెలిసిందే. డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలుగుతుంది. షెడ్డులో స్కానర్ తగిలిస్తే ‘పీ 0171’ అని కోడ్ వస్తుంది. అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. వెంటనే ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు. డబ్బు పోతుంది, నాలుగు రోజులకి లైటు మళ్లీ వెలుగుతుంది.

పాపం, ఆ సెన్సర్ చాలాసార్లు తన పని సరిగ్గానే చేసి ఉంటుంది. పొగలో ఆక్సిజన్ ఎక్కువగా ఉందని చెప్పింది, అంతే. ఎందుకు ఎక్కువైందో మనం వెతకాలి. గాలిని కొలిచే సెన్సర్ దాటాక రబ్బరు పైపు చిట్లితే లెక్కకు రాని గాలి లోపలికి పోతుంది. పైకి బాగానే కనిపించే పాత పైపుని క్లిప్పు దగ్గర కాస్త వంచి చూడండి, పగులు అక్కడ బయటపడుతుంది. పెట్రోలు పంపు నీరసించినా అదే కోడ్.

లైటు వెలగని జబ్బులు ఇంతకంటే మొండివి. 2000 ప్రాంతంలో మన దగ్గర కార్బురేటర్లు పోయి, ప్రతి సిలిండర్‌కీ విడిగా పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ ఇంజిన్లు వచ్చాక, పెట్రోలు ఎంత పోయాలో కంప్యూటరే నిర్ణయిస్తోంది. ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, ఎంత వేడిగా ఉందో దానికి చెప్పేది ఒక చిన్న సెన్సర్. చాలా కార్లలో 20 డిగ్రీల దగ్గర దాని రెసిస్టెన్స్ రెండు, మూడు వేల ఓమ్‌లు ఉంటుంది, 80 డిగ్రీలకి మూడు వందల దరిదాపుల్లోకి దిగుతుంది. కనెక్టర్ పిన్నుకి చిలుము పడితే ఆ చిలుము రెసిస్టెన్స్ కూడా దీనికి కలుస్తుంది. దాంతో ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, సైలెన్సర్ మూతి నల్లబడుతుంది. అయినా ఆ రీడింగు నమ్మదగినట్టే ఉంటుంది కాబట్టి లైటు వెలగకపోవచ్చు.

అందుకే మెకానిక్‌ని కోడ్ ఒక్కటే చూడమనకండి, లైవ్ డేటా, అంటే సెన్సర్లు అప్పటికప్పుడు ఇస్తున్న అంకెలు కూడా చూడమనండి. అరగంట నడిచిన కారులో కూలెంట్ 45 డిగ్రీలే అని చూపిస్తుంటే ముందు ఆ కనెక్టర్ విప్పించండి. అది శుభ్రంగా ఉంటే, వేడిని బట్టి కూలెంట్ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిందేమో చూడాలి. ఇంజిన్ ఎర్త్ వైరు బిగుతుగా ఉందో లేదో కూడా చూడాలి. వీటికి పెద్దగా ఖర్చవదు.

ఇంకో మాట. లైటు ఆర్పడానికి బ్యాటరీ టెర్మినల్ పీకేస్తానంటే దయచేసి ఒప్పుకోకండి. ఓబీడీ-2, అంటే తప్పుల్ని కారే పట్టుకుని నమోదు చేసే ఏర్పాటు ఉన్న కార్లలో తప్పు దొరికిన క్షణంలో వేగం, వేడి, ఇంజిన్ లోడు ఎంతున్నాయో కూడా నమోదవుతాయి. టెర్మినల్ తీస్తే చాలా కార్లలో అదంతా చెరిగిపోతుంది. ముందు స్కానర్ తెరని మీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి, తర్వాతే పని మొదలుపెట్టమనండి.