గులాబీ ఆకుకు గుండ్రటి కోత

అధ్యక్షులకు, పొద్దుటి నుంచీ కుండీలు మోసుకొచ్చి అలసిపోయిన తోటమాలులకు, మిత్రులకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మర్యాదే గానీ, నాకిచ్చింది పది నిమిషాలు. అందరికీ కలిపి ఒకటే నమస్కారం అనుకోండి.

ఇంటితోట అందం గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. దానికి ముందు నా గులాబీ సంగతి తేలాలి.

పోయినసారి ఇదే పోటీకి ఒక గులాబీ మొక్క తెచ్చాను. పువ్వుకు వంక పెట్టలేదు. ఆకులకు మాత్రం మార్కులు కోసేశారు. 'పురుగు కొట్టింది' అని చీటీలో రాశారు. పురుగు కాదు మహాప్రభో! గొంగళిపురుగు తింటే ఆకు అంచు చిందరవందరగా ఉంటుంది, కింద రెట్ట కనిపిస్తుంది. నా మొక్కకు పడింది వృత్తలేఖినితో గీసినట్టు నున్నటి కోత. అది ఆకుకోత తేనెటీగ పని. అది ఆకును తినదు. ముక్క కోసి, కాళ్ల మధ్య ఇరికించుకుని ఎగిరిపోతుంది. ఏ బోలు కాడలోనో, గోడ కన్నంలోనో కోల ముక్కలు పరిచి గది కడుతుంది. పుప్పొడి, మకరందం కలిపిన ముద్ద లోపల పెట్టి, దానిమీద ఒక్క గుడ్డు పెట్టి, గుండ్రటి ముక్కలతో మూత వేస్తుంది. నా మార్కులు పోయింది ఆ మూత కోసం!

నవ్వకండి. ఆ ఈగ పువ్వు మీద వాలినప్పుడు దగ్గరికెళ్లి చూడండి. పుప్పొడిని కాళ్లకు కాదు, పొట్ట కింది వెంట్రుకల్లో మోస్తుంది. కింది భాగమంతా పసుప్పచ్చగా కనిపిస్తుంది. తేనెటీగ అనగానే మనకు తేనెపట్టే గుర్తొస్తుంది. లోకంలో వీటి జాతులు 20,000 దాకా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం పట్టూ గుంపూ లేని ఒంటరి జీవులే.

సరే, అందం దగ్గరికి వద్దాం. ఆ బల్ల మీద ముద్ద మందారం ఉంది, చూశారా? బ్రహ్మాండంగా ఉంది, కాదనను. అయితే ఆ అదనపు రేకుల్లో చాలావరకు ఒకప్పటి కేసరాలే. కేసరాలు రేకులైతే పుప్పొడి ఎక్కడిది? వచ్చిన ఈగ ఏం పట్టుకుపోతుంది? ఒంటిరేకు మందారానికి ఏ ఏడాదైనా బహుమతి ఇచ్చామా? చెప్పండి!

వంగ మొక్క ఉన్నవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. ఆ పువ్వు మధ్యలో పసుప్పచ్చటి కేసరాలు ముద్దగా ఉంటాయి కదా, వాటి కొసల్లో సన్నటి రంధ్రాలే ఉంటాయి. పుప్పొడి ఊరికే రాలదు. నల్ల తుమ్మెద వచ్చి పువ్వును కరుచుకుని, రెక్కలు ఆడించకుండానే ఒళ్లంతా అదిరేలా ఝుమ్మంటుంది. ఆ అదురుకు పుప్పొడి బయటికి చిమ్ముతుంది. టమాటా పువ్వుదీ ఇదే పద్ధతి. పెట్టెల్లో పెంచే తేనెటీగకు ఈ విద్య రాదు. అదే తుమ్మెద పొడుగు గొట్టం పూలకు అడుగు భాగంలో కన్నం పెట్టి, పుప్పొడి ముట్టకుండా మకరందం దొంగిలిస్తుంది కూడా. దాన్ని మహాత్ముణ్ని చెయ్యడం నా ఉద్దేశం కాదు.

చీటీ వచ్చింది, ముగించమంటున్నారు. ఒక్క మాట. పూలకు, పురుగులకు ఉన్న ఈ సంబంధం మీద జర్మనీలో స్ప్రెంగెల్ అనే బడిపంతులు 1793లోనే పెద్ద పుస్తకం వేశాడు. రేకుల మీది మచ్చలు మకరందానికి దారి చూపే గుర్తులని చెప్పాడు. అప్పట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ. డార్విన్ మెచ్చుకున్నాక గానీ దానికి విలువ రాలేదు. నాకు అంత ఓపిక లేదు, వచ్చే పోటీకే మార్పు కావాలి.

మార్కుల పట్టికలో 'ఆకుకు కోత' అనే గడి కొట్టేయండి. ఒంటిరేకు పూలకు వేరే బహుమతి పెట్టండి. కుండీల మధ్య మొలిచిన గడ్డిచామంతినీ తుమ్మినీ కలుపని పీకేయకుండా ఒక మూల వదలండి. పూసిన మొక్క మీద మందు కొట్టొద్దు. ఇందాక గేటు దగ్గర ఒక పెద్దాయన చేతిలో స్ప్రే సీసా చూశాను. అయ్యా, మీకే చెబుతున్నాను, కొట్టక తప్పదంటే పూలున్న కొమ్మలు వదిలేసి, చీకటి పడ్డాక కొట్టండి.