రెండేళ్ల తర్వాత తెరిచినా బిల్డ్ అయ్యేదేది?

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే మారతహళ్లి ట్రాఫిక్ దాటుకుని వచ్చారంటే మీకు నిజంగానే ఓపిక ఉంది, కాబట్టి సుత్తి లేకుండా మొదలుపెడతాను. ఇవాళ్టి సంగతి స్టాటిక్ సైట్ జనరేటర్లు, అంటే మనం రాసిన ఫైళ్లను ముందే వెబ్ పేజీలుగా మార్చి పెట్టే టూల్స్. అలా మార్చడాన్నే బిల్డ్ అంటాం.

మేం కొందరం తెలుగువాళ్లం ఇక్కడ బెంగళూరులో నెలకోసారి కలిసి కథలు చదువుకుంటాం. ఆ కథల సైటు మొదట వర్డ్‌ప్రెస్‌లో ఉండేది. నేను ప్లగిన్లు అప్‌డేట్ చేయకుండా బద్ధకించాను, ఒకరోజు చూస్తే కథల మధ్యలో ఏవో మందుల ప్రకటనలు! అప్పుడు స్టాటిక్ వైపు వచ్చాను. సంగతి సులువే, ఎవరైనా అడిగినప్పుడల్లా పచ్చడి నూరకుండా ఒకసారి ఆవకాయ పెట్టేసి జాడీకెత్తడం. పేజీలన్నీ ముందే తయారు, సర్వర్‌లో డేటాబేస్ ఉండదు, హ్యాక్ అయ్యే చోట్లు బాగా తగ్గిపోతాయి.

ఈ టూల్స్‌లో మొదట జెకిల్ పట్టుకున్నాను. కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్ స్థాపకుల్లో ఒకరైన టామ్ ప్రెస్టన్-వెర్నర్ 2008లో తెచ్చింది, సైట్లు పెట్టుకోవడానికి గిట్‌హబ్ ఇచ్చే పేజెస్ సర్వీసు దాన్ని నేరుగా బిల్డ్ చేస్తుంది, పైసా ఖర్చు లేదు. బాగానే నడిచింది. తర్వాత ఆఫీసు పనిలో పడి చాలాకాలం ముట్టుకోలేదు. జెకిల్ నడిచేది రూబీ భాష మీద. కొత్త ల్యాప్‌టాప్‌లో కొత్త రూబీ వేసి, సైటు నా దగ్గరే చూసుకుందామని సర్వ్ కమాండ్ కొడితే వెబ్‌రిక్ అనే చిన్న సర్వర్ దొరకలేదని ఎర్రర్. రూబీ 3.0 నుంచి వెబ్‌రిక్‌ను రూబీతో పాటు ఇవ్వడం మానేశారు, కావాల్సిన లైబ్రరీల జాబితా ఉండే జెమ్‌ఫైల్‌లో ఒక్క లైను కలిపితే పోతుంది. ఆ ఒక్క లైను దొరకడానికి నాకు ఒక శనివారం పోయింది.

అందుకే ఎవరైనా "అన్నా, ఏది ఫాస్ట్?" అంటే నాకు నవ్వొస్తుంది. మన 300 పేజీల సైటుకు రెండు సెకన్లయితే ఏంటి, పది సెకన్లయితే ఏంటి? రెండేళ్లు వదిలేసి మళ్లీ తెరిస్తే బిల్డ్ అవుతుందా అన్నదే నా టెన్షన్.

ఆ లెక్కలో నాకు హ్యూగో అనే ఇంకో జనరేటర్ నచ్చింది. 2013 నాటిది, గో భాషలో రాసింది, ఒకే ఒక్క ఫైలు దించుకుంటే చాలు. అలాగని అమాయకంగా నమ్మకండి, వెర్షన్ మారితే పాత థీమ్‌లు విరుగుతాయి. నేను వాడే వెర్షన్ నంబర్ సైటు ఫోల్డర్‌లోని రీడ్‌మీ నోట్‌లో రాసి పెట్టుకుంటాను, అవసరమైతే అదే పాత ఫైలు గిట్‌హబ్ నుంచి దించుకుంటాను. పేజీల అచ్చులు రాసే టెంప్లేట్ భాష మాత్రం తలనొప్పే, దాచను.

తెలుగుకు సంబంధించి రెండు తమాషాలు. చదివే సమయం అని హ్యూగో చూపించేది నిమిషానికి 213 పదాల లెక్క. మనం "చెప్పలేకపోతున్నానంటే" అన్నా దానికి ఒక్క పదమే! పది నిమిషాల కథను ఐదు అంటుంది, నేను తీసేశాను. రెండోది లింకులు. "తెలుగు" అన్న మూడక్షరాలు కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే శాతం గుర్తులతో 54 క్యారెక్టర్ల తోక అవుతుంది, అందుకే స్లగ్, అంటే లింకు చివర వచ్చే పేజీ పేరు, ఇంగ్లీషు అక్షరాల్లో ఇస్తాను.

జావాస్క్రిప్ట్ వాళ్లకైతే ఎలెవెంటీ చూడమంటాను, జెకిల్ వాడే లిక్విడ్ టెంప్లేట్లు అందులోనూ నడుస్తాయి కాబట్టి జెకిల్ నుంచి మారడం తేలిక. పేజీలో రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో రాసిన ముక్కలు కావాలంటే ఆస్ట్రో. గాట్స్‌బీ అనే ఇంకో జనరేటర్‌ని 2023లో నెట్లిఫై అనే హోస్టింగ్ కంపెనీ కొనేసింది, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు దాన్ని చెప్పను. మూడింటికీ జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ ప్రోగ్రాం వెర్షన్ గొడవ ఎలాగూ ఉంటుంది.

ఒక్క లోటు మాత్రం వీటిలో ఏదీ నాకు తీర్చలేదు. మా గుంపులో రిటైరైన ఒక మాస్టారు ఫోన్లోనే కథ రాసి వాట్సాప్‌లో పంపుతారు, పంపాక "బాబూ, రెండో పేరాలో దీర్ఘం పోయింది" అని వాయిస్ మెసేజ్ పెడతారు. ఫైళ్ల మార్పులు దాచి సైటుకు పంపే గిట్ అనే టూల్ నేర్చుకోమని ఆయనకు ఏ నోటితో చెప్పను? ఆ దీర్ఘం నేనే రాత్రి పది దాటాక సరిదిద్ది గిట్‌తో పంపుతున్నాను. మీలో ఎవరైనా వారానికో రాత్రి ఆ పని పంచుకుంటానంటే టీ దగ్గర నన్ను పట్టుకోండి.