కొత్త మోడల్ వచ్చేదాకా ఆగమంటారా?

అందరికీ నమస్కారం.

పద్దెనిమిదేళ్లుగా ఫోన్లు అమ్ముతున్నాను, బాగుచేస్తున్నాను. కౌంటర్ దగ్గర ఏడాది పొడుగునా వినబడే ప్రశ్న ఒకటుంది: "అన్నా, కొత్త మోడల్ వస్తోందంట కదా, ఆగమంటావా, ఇప్పుడే తీసుకోమంటావా?"

ఒకప్పుడు దీనికి క్యాలెండర్ చూసి జవాబు చెప్పేవాణ్ణి. కొత్త ఐఫోన్లు వచ్చే సెప్టెంబరు దగ్గర్లో ఉంటే ఆగమనేవాణ్ణి, దూరంగా ఉంటే కొనమనేవాణ్ణి. ఆ పద్ధతి ఎందుకు మార్చుకున్నానో చెబుతాను.

మా వీధిలోనే ఒకాయనకి టైలరింగ్ షాపు ఉంది. ఒక జూలైలో ఫోన్ తెచ్చి గాజు కౌంటర్ మీద పెట్టాడు. పెట్టగానే అది ఊగింది. చదునుగా ఉండాల్సిన వెనక మూత మధ్యలో పొంగింది. పక్కనుంచి చూస్తే స్క్రీన్‌కీ ఫ్రేముకీ మధ్య గోరు పట్టేంత సందు, ఆ సందులోంచి డిస్‌ప్లే వెలుగు సన్నని గీతలా కనిపిస్తోంది. బ్యాటరీ ఉబ్బిందన్నమాట. వెంటనే మార్చేద్దామన్నాను. "రెండు నెలల్లో కొత్తది వస్తుంది, పాత మోడల్ రేటు తగ్గుతుంది, అప్పుడు కొంటాను. ఈ రెండు నెలలకి దీని మీద రెండు వేలు ఎందుకన్నా?" అన్నాడు. లెక్క ప్రకారం ఆయన మాట సరైనదే. నేనూ సరేనన్నాను. గట్టిగా చెప్పాల్సింది, చెప్పలేదు.

ఆగస్టులో ఒకరోజు ఛార్జింగ్‌లో ఉండగా స్క్రీన్ లేచిపోయింది. ఫోన్ మళ్లీ ఆన్ కాలేదు. వాళ్ల నాన్నగారు పోయే ముందు మనవరాలికి పద్యం నేర్పుతున్న వీడియో అందులో ఉంది. ఇంకెక్కడా కాపీ లేదు. ఆ బోర్డును మైక్రోస్కోప్ కింద పెట్టుకుని మూడు రాత్రులు కూర్చున్నాను. ఏమీ బయటికి తీయలేకపోయాను. సెప్టెంబరులో అనుకున్నట్టే రేటు తగ్గింది, ఆయన కొత్త ఫోన్ కొన్నాడు. ఇప్పటికీ దారిలో కనిపిస్తే అడుగుతాడు: "తీయడానికి కొత్త మెషిన్ ఏమైనా వచ్చిందా అన్నా?"

అందుకే ఇప్పుడు ఎవరు వచ్చి అడిగినా, ముందు మీ ఫోన్ ఇటివ్వండి అంటాను. వచ్చే ఫోన్ సంగతి ఆ తర్వాతే.

రేటు తగ్గుతుందని ఆగేవాళ్ల లెక్కలో నిజముంది. ఐఫోన్ సంగతే చూడండి. 2024 సెప్టెంబరు 9న ఐఫోన్ 16 వచ్చింది, మన దేశంలో మొదటి ధర 79,900. అప్పటిదాకా 79,900 ఉన్న ఐఫోన్ 15 వెంటనే 69,900కి దిగింది. మరుసటి ఏడాది సెప్టెంబరు 9న ఐఫోన్ 17 వచ్చినప్పుడు 16 కూడా అలాగే 69,900కి దిగింది. అంటే ఆగస్టు ఆఖరివారంలో పూర్తి రేటుకి కొన్నవాళ్లు పది రోజుల తేడాతో పదివేలు ఎక్కువ పెట్టినట్టే. ఇంకో సంగతి చాలామంది గమనించలేదు. 17 మొదటి ధర 82,900 అనగానే రేటు పెంచేశారు అన్నారు. కానీ అది 256 జీబీ ఫోన్. 16లో అదే 256 జీబీ వచ్చినప్పుడు 89,900. ఎక్కువ స్టోరేజీ కావాలనుకున్నవాళ్లకి ఆ ఏడాది ఆగడం వల్ల డబ్బూ మిగిలింది, కొత్త ఫోనూ దక్కింది.

కాబట్టి ఫోన్ బాగా పనిచేస్తోంది, కొత్త మోడల్ వచ్చే నెల ఏటా తప్పనిది, ఆ నెల ఇంకో ఆరు వారాల్లోనే ఉంది అంటే ఆగండి. ఆ తర్వాత ఎలాగూ దసరా సేల్స్ ఉంటాయి. ఆండ్రాయిడ్‌లో ఇంత కచ్చితమైన రోజు ఉండదు. శామ్‌సంగ్ ఖరీదైన గెలాక్సీ ఎస్ ఫోన్లు ఏడాది మొదట్లో వస్తాయి, ఎస్24 2024 జనవరి 17న, ఎస్25 2025 జనవరి 22న వచ్చాయి. మిగతా కంపెనీల్లో ఒక్కొక్కరిది ఒక్కో నెల.

కానీ "ఆగితే తగ్గుతుంది" అన్నమాట అన్ని ఫోన్లకీ ఇప్పుడు చెప్పలేను. 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. ఫోన్లకి చిప్‌లు చేసే కంపెనీలే ఏఐ కోసం కడుతున్న డేటా సెంటర్లకీ అమ్ముతున్నాయి, అక్కడ లాభం ఎక్కువ. ఆ బరువు ఎక్కువగా పడేది పదిహేను, ఇరవై వేల ఫోన్ల మీదే, ఎందుకంటే వాటిలో కంపెనీకి మిగిలేదే తక్కువ. ఆ రేటులో కొనాలనుకున్నవాళ్లు మంచి ధర కనిపిస్తే, వచ్చే మోడల్ ఇంకా చవగ్గా ఉంటుందని కూర్చోవద్దు. ఇది నేను రోజూ బిల్లులు చూస్తూ చెబుతున్న మాట.

మరి కంపెనీలు తేదీ ముందే చెప్పొచ్చు కదా, ఈ ఊహాగానాలు ఎందుకు అని అడుగుతారు. దీని వెనక ఒక పాత కథ ఉంది, అది మనవాళ్లు గిరి ప్రదక్షిణకు వెళ్లే అరుణాచలం దాకా వస్తుంది. ఆర్థర్ ఆస్‌బోర్న్ అనే ఆంగ్లేయుడు రమణ మహర్షి భక్తుడు. ఆయన కొడుకు ఆడమ్ బాల్యం తిరువణ్ణామలైలోనే గడిచింది. ఆ కుర్రాడే పెద్దయ్యాక అమెరికా వెళ్లి, 1981లో ఆస్‌బోర్న్ 1 అనే కంప్యూటర్ తెచ్చాడు. ధర 1,795 డాలర్లు. చేత్తో పట్టుకుని తీసుకెళ్లే పెట్టెలాంటిది, బరువు మాత్రం పదకొండు కిలోలు! బాగా అమ్ముడుపోయింది. 1983లో ఇంతకంటే మంచిది వస్తోందన్న మాట బయటికి పొక్కింది. డీలర్లు ఉన్నదాన్ని కొనడం ఆపేశారు, సరుకు గోడౌన్లలో ఉండిపోయింది, ఆ సెప్టెంబరులో కంపెనీ దివాలా తీసింది. పోటీ కంపెనీల దెబ్బ కూడా ఉందనేవాళ్లున్నారు, అదీ నిజమే కావచ్చు. ఏమైనా ముందే చెబితే చేతిలో సరుకు అమ్ముడుపోదన్న భయానికి ఆయన పేరే స్థిరపడింది. ఆడమ్ ఆస్‌బోర్న్ చివరికి మన దక్షిణాదికే తిరిగొచ్చి, 2003లో కొడైకెనాల్‌లో పోయాడు.

అందుకే కంపెనీ ఆఖరి రోజు దాకా నోరు విప్పదు. ఆ ఖాళీలో లీకులు పుడతాయి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఫోన్ ఫ్యాక్టరీలో కూడా లేనప్పుడే దాని రంగులు, కెమెరాలు, ధర చెప్పేస్తారు. వాటిని నమ్మి జీతం డబ్బులు పట్టుకుని ఎదురుచూడొద్దు.

స్టేజీ మీద చూపించింది కూడా ఫోన్‌తోపాటు చేతికి రావాలని లేదు. ఏఐ కోసమని ఐఫోన్ 16కి ఎదురుచూసినవాళ్లకి, పెట్టె విప్పినరోజు అందులో ఆ ఫీచర్లు లేవు. మొదటి విడత అక్టోబరు 28న అప్‌డేట్‌లో వచ్చింది. మన సొంత విషయాలు తెలుసుకుని పనిచేస్తుందన్న సిరి, అంటే ఐఫోన్‌లో మనం మాట్లాడితే జవాబిచ్చే సహాయకురాలు, ఇంకా ఆలస్యమవుతుందని 2025 మార్చిలో కంపెనీయే చెప్పింది. 5జీ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మన దేశంలో 5జీ ఫోన్లు 2020 ఫిబ్రవరిలోనే అమ్మారు. నెట్‌వర్క్ మొదలైంది 2022 అక్టోబరు 1న. రెండున్నరేళ్లు ఆ డబ్బు ఊరికే జేబులో తిరిగింది.

అయితే మొత్తం దారే మారిపోయే సందర్భాలు అప్పుడప్పుడూ వస్తాయి. 2016 సెప్టెంబరు 5న జియో మొదలైంది, అది పూర్తిగా 4జీ. అంతకు ముందు నెల 3జీ ఫోన్ కొన్నవాళ్లు ఆ సిమ్ వేసుకోలేకపోయారు. ఎంతమంది బిల్లు పట్టుకుని మా షాపుకి తిరిగొచ్చారో! అలాంటి మార్పు తేదీతో సహా ప్రకటించి ఉంటే, ఆగడమే తెలివి.

ఇక చేతిలో ఉన్న ఫోన్ దగ్గరికి వస్తాను, ఎందుకంటే సగం మందికి కావలసింది కొత్త ఫోన్ కాదు, కొత్త బ్యాటరీ. బ్యాటరీలు పాతబడిన ఐఫోన్ల వేగాన్ని తామే తగ్గిస్తున్నామని 2017 డిసెంబరులో యాపిల్ ఒప్పుకుంది. జనం కోప్పడితే క్షమాపణ చెప్పి, బ్యాటరీ మార్పిడిని 79 డాలర్ల నుంచి 29కి తగ్గించింది. ఏడాది తిరిగాక, 2019 జనవరి 2న యాపిల్ సీఈఓ హోదాలో టిమ్ కుక్ పెట్టుబడిదారులకు ఉత్తరం రాస్తూ, ఐఫోన్ అమ్మకాలు తగ్గడానికి చెప్పిన కారణాల్లో ఈ చవక బ్యాటరీలు కూడా ఒకటి. బ్యాటరీ మార్చగానే "నా ఫోన్ బాగానే ఉంది కదా" అనుకున్నవాళ్లు అంతమంది ఉన్నారు.

బ్యాటరీతో తీరని సమస్య సెక్యూరిటీ అప్‌డేట్లు, అంటే ఫోన్లో దొంగలు దూరే సందుల్ని మూయడానికి కంపెనీ పంపే మార్పులు, ఆగిపోవడం. మీది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో ఆఖరి సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ ఉంటుంది. అది ఏడాది దాటిందంటే, అదే ఫోన్లో బ్యాంకు యాప్, యూపీఐ ఉన్నాయంటే, ఏ లాంచ్ కోసమూ ఆగొద్దు. ఎస్24 నుంచి శామ్‌సంగ్ ఖరీదైన ఫోన్లకి, పిక్సెల్ 8 నుంచి గూగుల్ ఫోన్లకి ఏడేళ్లు అప్‌డేట్లు ఇస్తామన్నారు. ఆ ఏడేళ్లు మొదలయ్యేది మీరు కొన్నరోజు నుంచి కాదు, ఫోన్ మార్కెట్లోకి వచ్చినరోజు నుంచి. పాత మోడల్ సేల్లో తీసుకునేటప్పుడు, ఆ గడిచిన సంవత్సరాలు తీసేసి మిగతావి లెక్కపెట్టుకోండి.

ఎంత చెప్పినా ఆగుతాననేవాళ్లు ఉంటారు. వాళ్లని ఒక్కటే అడుగుతాను: ఈ రాత్రి పడుకునే ముందు ఫొటోలు, వీడియోలు ఇంకోచోట కాపీ పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లు కూడా మీరే తీసుకుని చెయ్యండి, వాళ్లకి అది ఎలాగో తెలియదు.

నేను ఇంకో గంట ఇక్కడే ఉంటాను. ఎవరి ఫోనైనా బల్ల మీద ఊగుతుంటే, స్క్రీన్ అంచు కొంచెం లేచినట్టు అనిపిస్తే, మొహమాటపడకుండా తీసుకురండి. దాన్ని నొక్కి సరిచేయాలని చూడొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు. ప్రశ్నలు తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ ఫోన్లు చూస్తాను.