గాజు గ్లాసు, మూడు కొవ్వొత్తులు, మా పెద్దమ్మ

నమస్కారం. ఇవాళ మా పెద్దమ్మ గురించి మాట్లాడతాను. మా అమ్మకు అక్క, ముప్పై ఏళ్ళకు పైగా హైస్కూల్లో సైన్సు చెప్పింది. ఆరు నెలల క్రితం పోయింది. అప్పుడు ఇంటికొచ్చినవాళ్ళలో, ఫోన్లు చేసినవాళ్ళలో సగం మంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే, జుట్టు నెరిసినవాళ్ళు కూడా ఉన్నారు. టీచర్ గారు ఎంత బాగా చెప్పేవారో అని అందరూ అన్నారు, అది నాకూ తెలుసు. ఒకాయన మాత్రం ఇంకోటి చెప్పాడు. "నేను బడి వదిలేసిన పదిహేనేళ్ళకు టీచర్ గారు ఫోన్ చేశారండీ, తొమ్మిదో తరగతిలో నీకొకటి తప్పు చెప్పానురా, దిద్దుకో అన్నారు" అని. అప్పటిదాకా ఏడవని దాన్ని, ఆ మాట వినగానే ఏడ్చేశాను.

ఆ తప్పేంటో చెప్తాను, ఎందుకంటే మీలో చాలామంది కూడా అదే నేర్చుకుని ఉంటారు. పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించి, దాని మీద గాజు గ్లాసు బోర్లిస్తాం. కాసేపటికి మంట ఆరిపోతుంది, నీళ్ళు గ్లాసులోకి ఎక్కుతాయి. గాలిలో ఐదో వంతు ఆక్సిజన్, అది కాలిపోయింది కాబట్టి ఆ ఖాళీలోకి నీళ్ళు వచ్చాయి అంటారు. పెద్దమ్మ కూడా ఏళ్ళ తరబడి అలాగే చెప్పింది. నాకూ చెప్పింది, నేనూ ఆవిడ క్లాసులో కూర్చున్నదాన్నే. బడిలో టీచర్, ఇంట్లో పెద్దమ్మ, మార్కుల దగ్గర మాత్రం ఎక్కడా పెద్దమ్మ కాదు.

నేను చదువైపోయి ఉద్యోగంలో చేరాక, ఒక ఏడాది ఆవిడ క్లాసులో ఒక పిల్ల లేచి అడిగిందట. "టీచర్, ఆక్సిజన్ కొంచెం కొంచెంగా అయిపోతుంటే నీళ్ళు కూడా కొంచెం కొంచెంగా ఎక్కాలి కదా, మంట ఆరేదాకా ఊరుకుని అప్పుడు ఒక్కసారే ఎక్కాయేంటి?" పెద్దమ్మ దగ్గర జవాబు లేదు. "తెలీదమ్మా, రేపటిదాకా టైమివ్వు" అంది.

ఆ రాత్రి నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. వంటింటి గట్టు మీద స్టీలు పళ్ళెం, నీళ్ళు బాగా కనపడాలని అందులో రెండు చుక్కల ఇంకు, గాజు గ్లాసు మీద స్కెచ్ పెన్నుతో గీతలు. ఫ్యాను ఆపేయమంది, చెమటలు కారిపోతున్నాయి. ఒక కొవ్వొత్తితో చేసింది, మళ్ళీ చేసింది, మళ్ళీ చేసింది, ప్రతిసారీ నీళ్ళు ఎంత ఎత్తు ఎక్కాయో కాగితం మీద రాసుకుంది. తర్వాత ఒకదాని పక్కన ఒకటి మూడు కొవ్వొత్తులు నిలబెట్టి అదే గ్లాసు బోర్లించింది. ఈసారి నీళ్ళు బాగా పైకి ఎక్కేశాయి. పెద్దమ్మ నన్ను భుజం పట్టుకుని వంచి చూపించింది. "గ్లాసు అదే, అందులో పట్టే గాలీ అంతే, ఆక్సిజనూ అంతే. మరి ఎక్కువ ఎందుకెక్కాయే?"

అసలు సంగతి వేడి. గ్లాసు బోర్లించేటప్పటికే మంట చుట్టూ గాలి వేడెక్కి వ్యాకోచించి ఉంటుంది, కొంత గాలి అంచు కింద నుంచి బుడగలుగా బయటికి పోతుంది కూడా, దగ్గరగా చూస్తే కనపడతాయి. మంట ఆరాక లోపల మిగిలిన గాలి చల్లబడి ముడుచుకుంటుంది, లోపలి పీడనం తగ్గుతుంది, బయటి గాలి నీళ్ళను లోపలికి నెడుతుంది. మంట ఎక్కువైతే వేడి ఎక్కువ, కాబట్టి నీళ్ళూ ఎక్కువ. ఆక్సిజన్ అంతా అయిపోకముందే మంట ఆరిపోతుంది, పైగా ఖర్చయిన ఆక్సిజన్‌కు బదులు కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి పుడుతూనే ఉంటాయి.

మర్నాడు క్లాసులో ఆ పిల్లను ముందుకు పిలిచి, ఆ పిల్ల చేతే మూడు కొవ్వొత్తులూ వెలిగింపించి, "ఇన్నాళ్ళూ నేను తప్పు చెప్పాను, పరీక్ష పెట్టి చూడకుండా చెప్పాను" అందట. అక్కడితో వదిలేయలేదు. నంబర్లు దొరికిన పాత పిల్లలందరికీ వరసపెట్టి ఫోన్లు చేసింది. ఇప్పుడు వాళ్ళకెందుకు పెద్దమ్మా, ఎవరికి గుర్తుంటుంది అన్నాను. "వాళ్ళ పిల్లలకు చెప్తారే, మా టీచర్ చెప్పిందని నా పేరు పెట్టి మరీ చెప్తారు" అంది. ఆవిడ గొంతులో అంత బాధ నేనెప్పుడూ వినలేదు.

ఆ తర్వాతే అనుకుంటా, ఎంపెంబా కథ ఆవిడకు ప్రాణమైపోయింది. 1963లో, ఇప్పటి టాంజానియాలో, ఎరాస్టో ఎంపెంబా అనే బడిపిల్లవాడు ఐస్‌క్రీం కోసం కాచిన పాలను చల్లారనివ్వకుండా ఫ్రీజర్‌లో పెట్టేశాడు. అవి పక్క కుర్రాడి చల్లటి పాలకంటే ముందే గడ్డకట్టాయి. ఎందుకని అడిగితే టీచర్లు కొట్టిపారేశారు, పిల్లలు నవ్వారు. తర్వాత డెనిస్ ఆస్‌బార్న్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ వాళ్ళ బడికి వచ్చినప్పుడు మళ్ళీ అదే అడిగాడు, ఆయన మాత్రం నవ్వకుండా వెళ్ళి పరీక్ష చేయించాడు, ఇద్దరూ కలిసి 1969లో వ్యాసం వేశారు. అది ఎందుకు జరుగుతుంది, అసలు జరుగుతుందా లేదా అని శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. పెద్దమ్మకు నచ్చింది మాత్రం ఆ నవ్వని మనిషి.

చివరి రోజుల్లో ఆసుపత్రిలో వేలికి ఆక్సిమీటర్ క్లిప్పు పెట్టారు, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో అంకెలో చూపించేది. మాట్లాడితే ఆయాసం వస్తోంది, అయినా నా చెయ్యి లాగి, "ఈ ఎర్ర లైటు పక్కన ఇంకోటుంది, కంటికి కనపడదు, ఫోన్ కెమెరాలో చూడు" అంది. చూశాను, లేత ఊదారంగులో చిన్న చుక్క మిణుకుమంటోంది. పరారుణ కాంతి, టీవీ రిమోట్‌లో ఉండేలాంటిదే. ఆక్సిజన్ పట్టుకున్న హీమోగ్లోబిన్ ఎర్ర కాంతిని తక్కువ పీల్చుకుని పరారుణ కాంతిని ఎక్కువ పీల్చుకుంటుంది, ఆక్సిజన్ లేనిది దానికి తిరగబడి ఉంటుంది, ఆ తేడా లెక్కగట్టి అంకె చూపిస్తుంది, అదంతా మూడు నాలుగు విడతలుగా, మధ్యమధ్యలో ఆగుతూ చెప్పింది. ఆ అంకె తగ్గుతోందని నాకు టెన్షన్. ఆవిడ దాని వైపు చూడనే లేదు, నాకు అర్థమైందా లేదా అని నా మొహం వైపే చూసింది.

అన్నీ అయిపోయాక వాళ్ళింట్లో ఫ్రీజర్ తీశాను. రెండు స్టీలు గ్లాసులు, ఒకదాని మీద ‘వేడి’, ఇంకోదాని మీద ‘చల్లన’ అని టేపు అంటించి ఆవిడ రాత. రెండూ నిండా గడ్డకట్టి ఉన్నాయి. ఫ్రిజ్ పైన కాగితం మీద లోపల పెట్టిన టైము రాసి ఉంది, గడ్డకట్టిన టైము దగ్గర ఖాళీ. ఆ సాయంత్రమే ఆవిడను ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

మొన్న ఆదివారం ఆ గ్లాసులతోనే నేను చేశాను, పది నిమిషాలకోసారి తలుపు తీసి చూస్తూ. చల్లనివే ముందు గడ్డకట్టాయి. కాగితం మీద రాశాను. కానీ ఒక్కసారి చేసింది లెక్కలోకి రాదనేది పెద్దమ్మ, పైగా అన్నిసార్లు తలుపు తీసి ఉండకూడదు. ఈ ఆదివారం మళ్ళీ చేస్తాను. నమస్కారం.