పాడుబడ్డ గడీలో ఫొటో తీయాలంటే ముందు కప్పు చూడండి

నమస్తే. దొరలు కట్టుకున్న పాత గడీలు, మూతబడ్డ మిల్లులు, పిల్లలు లేక తాళం పడ్డ బడులు. వీటి లోపల ఫొటోలు తీసేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది. "కిటికీ చూసి తీస్తే అర్రంతా నల్లగా వస్తోంది, అర్ర చూసి తీస్తే కిటికీ తెల్లగా కాలిపోతోంది, ఏం చేయాలి?" ఆ సెట్టింగులు ఈ వీడియోలో అంకెలతో సహా చెప్తాం. కానీ కెమెరా సంచి విప్పకముందే తలెత్తి కప్పు చూడండి. లోపలికి వెలుగు ఎటు నుంచి వస్తుందో, గోడ ఎక్కడ చెడిందో, మీరు ఎక్కడిదాకా నడవొచ్చో చెప్పేది కప్పే.

మన దగ్గర ఇలాంటి కట్టడాలు ఎక్కువ రోజులు ఆగవు. 1934లో నిజాం కాలంలో మొదలైన వరంగల్ ఆజంజాహి మిల్లు 2002లో మూతబడింది, ఆ షెడ్లు చాలావరకు ఇప్పుడు లేవు. వరంగల్ సెంట్రల్ జైలును 2021లో కూల్చేశారు. కామారెడ్డి జిల్లా దోమకొండ గడికోటలాగా బాగుచేసుకుని, 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ అవార్డు దాకా పోయినవి చాలా అరుదు. అందుకే తీసే ఒక్కో ఫొటో సరిగ్గా తీయాలి.

అనుమతి సంగతి ముందు. గడీ అయితే వారసులో, చూసుకునే మనిషో ఊళ్లో ఉంటారు. సర్పంచిని అడిగితే ఎవరో తెలుస్తుంది. సర్కారు బడి అయితే మండల విద్యాధికారి దగ్గరికి, మిల్లు అయితే సెక్యూరిటీని పెట్టిన యాజమాన్యం దగ్గరికి పోయి కాగితం మీద రాయించుకోండి. గోడ దూకొద్దు. లోపల కాలు విరిగితే, మీరు అక్కడున్నట్టు బయట ఒక్క మనిషికీ తెలియదు.

ఇక కప్పు. గడీల్లో ఎక్కువగా కనబడేది టేకు దూలాలు, వాటి మీద చెక్కలు, ఆపైన ఇటుక, గానుగలో నూరిన డంగు సున్నం. కింది నుంచి చూస్తే దూలం నడుమ భాగం నల్లగా, గట్టిగా కనిపిస్తుంది, భయమేం లేదనిపిస్తుంది. చూడాల్సింది నడుమ కాదు, గోడలోకి దూరిన కొస. గోడ తాగిన వాన నీళ్లన్నీ ఆ కొసకే చేరతాయి, అక్కడ గాలి ఆడదు, చెదలు కూడా అక్కడి నుంచే ఎక్కుతాయి. కొస కింద గోడ మీద గోధుమరంగు చారలు, సన్నటి మట్టి గొట్టాలు కనిపిస్తే ఆ అర్ర నడిమికి పోవద్దు, దర్వాజ దగ్గరే ట్రైపాడ్ పెట్టి తీయండి. చెక్క స్తంభం ఉంటే అడుగు భాగాన్ని వేలి కణుపుతో తట్టండి. గట్టి చెక్కకు గట్టి చప్పుడు, తినేసిన దానికి డొల్ల చప్పుడు వస్తుంది. కప్పును మాత్రం కర్రతో పొడవొద్దు.

ఇనుప గడ్డర్ల మధ్య ఇటుక కమానులు కట్టిన కప్పులు కూడా పాత ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో కనిపిస్తాయి. ఇనుముకు తుప్పు పట్టినకొద్దీ ఉబ్బుతుంది, ఇటుకను పక్కకు తోస్తుంది. గడ్డరు వెంబడి పొడవునా పగులు ఉండి, నేల మీద కొత్తగా రాలిన ఎర్రటి ఇటుక పొడి ఉందంటే అది ఇంకా కదులుతున్న కప్పు. పాత పొడి మీద దుమ్ము పేరుకుంటుంది, కొత్తది రంగు తేలి ఉంటుంది. ఆ తేడా చూసుకోండి. మిద్దె మీదికి అసలే ఎక్కొద్దు. గోడ పక్కనే నడిస్తే ఏం కాదని చాలామంది చెప్తారు, కానీ కొసలు కుళ్లిన దూలానికి గోడ పక్కే బలహీనం.

వెలుగు. వరంగల్ దాదాపు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. అందుకే మే రెండో వారంలో, మళ్లీ జులై ఆఖరులో సూర్యుడు మన నడినెత్తి మీదికి వస్తాడు. మేలో అయితే సుమారు మధ్యాహ్నం 12 గంటల 8 నిమిషాలకు పెంకు జారిన చోటి నుంచి వెలుగు గుంజ పాతినట్టు నిలువుగా దిగుతుంది. పది నిమిషాల్లో పక్కకు జరుగుతుంది. జులైలో మబ్బు ఉంటుంది, కప్పు తడిసి బరువెక్కి ఉంటుంది కాబట్టి ఆ నెల మానుకోండి. డిసెంబరులో మధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, దక్షిణం కిటికీల్లోంచి ఎండ లోపలిదాకా వస్తుంది. అర్రల లోపలికి అదే మంచి కాలం.

ఇప్పుడు కెమెరా. ఐఎస్ఓ (సెన్సరు వెలుగును పట్టే చురుకు) 100, ఎఫ్ నంబరు (లెన్సు లోపలి రంధ్రం సైజు) ఎఫ్/8, రా ఫైలు (కెమెరా కుదించకుండా దాచే ఫొటో), ట్రైపాడ్, 2 సెకన్ల టైమర్. ట్రైపాడ్ మీద స్టెబిలైజేషన్, అంటే చేతి వణుకును సర్దే ఏర్పాటు, ఆపేయండి. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సరు) కెమెరా మీద 16 ఎంఎం లెన్స్ అయితే మీటరు కంటే కొంచెం దూరంలో ఫోకస్ పెడితే అర మీటరు నుంచి చివరి గోడ దాకా పదునుగా వస్తుంది. 24 ఎంఎం అయితే 2.4 మీటర్ల దగ్గర పెట్టండి.

కిటికీ వెలుగు, చీకటి మూల రెండూ ఒక్క ఫొటోలో పట్టవు కాబట్టి ఐదు తీసి, తర్వాత ఒక్కటిగా కలపాలి. ఒక్కోదానికి రెండు స్టాపుల తేడా ఉండాలి, అంటే వెలుగు నాలుగింతలు. మధ్యది అర సెకను అనుకుంటే వరుస ఇది: 1/30, 1/8, 1/2, 2 సెకన్లు, 8 సెకన్లు. మారేది షట్టర్ సమయం మాత్రమే, ఎఫ్ నంబరు కదపొద్దు. వైట్ బ్యాలెన్స్ ఆటోలో పెడితే ఒక్కో ఫొటోకు రంగు మారిపోతుంది, 5200 కెల్విన్ దగ్గర ఆపేయండి. ఫోన్‌తో తీసేవాళ్లు ప్రో మోడ్‌లో ఇదే చేయొచ్చు, ఫోన్‌ను స్టాండుకు బిగిస్తే చాలు.

ఈ ఐదు ఒకదాని మీద ఒకటి కూర్చోకపోతే తప్పు ఎక్కువగా నేలదే. నేలకు పరిచిన షాబాద్ బండల్లో ఒకదాని కింద డొల్ల ఉంటుంది, మీరు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చగానే ట్రైపాడ్ కూడా కదులుతుంది. ట్రైపాడ్ కాళ్లు బండ నడిమిలో కాకుండా అతుకుకు దగ్గరగా పెట్టండి, 8 సెకన్లూ కదలకుండా నిలబడండి. ట్రైపాడ్ నడిమి కడ్డీ పైకి లేపొద్దు. కెమెరా ఛాతీ ఎత్తులో సమంగా ఉంటే గోడలు నిలువుగా వస్తాయి, పైకి వంచితే లోపలికి ఒరిగినట్టు పడతాయి. ఐదు ఫొటోలూ కలిపేటప్పుడు నీడలను పూర్తిగా వెలుగు చేసేయకండి. కిటికీ చుట్టూ తెల్లటి చార వచ్చిందంటే ఎక్కువైందన్నమాట. మసక అర్ర మసకగానే ఉండాలి.

గోడ దగ్గరికి రండి. పెచ్చు లేచిన చోట అంచు చూస్తే పొరలు కనబడతాయి: పైన ఆకుపచ్చ డిస్టెంపరు, దాని కింద నీలిమందు కలిపిన సున్నం, దాని కింద పసుపు, అడుగున తెలుపు. పండుగ పండుగకు వేసిన సున్నం అది, ఏళ్లన్నీ ఒక గోరు మందంలో ఉన్నాయి. ఎదురుగా టార్చి కొడితే ఏదీ కనబడదు. టార్చిని గోడకు ఆనించినంత దగ్గరగా, పక్క నుంచి పట్టుకోండి, ఒక్కో పొరకు సన్నటి నీడ పడుతుంది. నేల నుంచి మూడడుగుల దాకా గోడ మరీ చెడి, తెల్లటి ఉప్పు పూసిందంటే నేలలో తడి పైకి ఎక్కుతోంది. మరమ్మతు పేరుతో సున్నం గోడకు సిమెంటు పూసిన చోట ఇంకా చెడుతుంది, ఎందుకంటే తడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. ఆ అతుకును కూడా ఫొటోలో పెట్టండి, కట్టడం ఎందుకు పోయిందో అది చెప్తుంది. కుర్చీనో రిజిస్టరునో వెలుగులోకి జరిపి తీయడం మాత్రం తప్పు. అది ఎక్కడుందో అక్కడే దాని అర్థం.

గబ్బిలాలు ఉంటే ఘాటు వాసన దర్వాజ దగ్గరే తెలుస్తుంది. ఆ రెట్ట దుమ్ములో ఊపిరితిత్తులకు తగిలే బూజు ఉండొచ్చు, ఎన్95 మాస్కు లేకుండా లోపలికి పోవద్దు, చీపురు పట్టొద్దు. పగిలిన సిమెంటు రేకుల కుప్పల దగ్గరికి కూడా పోవద్దు, ఆస్బెస్టాస్ పోగులు కంటికి కనబడవు. లెన్సు మార్చాలంటే బయటికి వచ్చి మార్చండి. పాము కరిస్తే కట్టు బిగించొద్దు, కోయొద్దు. కరిచిన చోటు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి.

ఫొటో నెట్‌లో పెట్టేముందు లొకేషన్ తీసేయండి. చెక్కడం ఉన్న టేకు దర్వాజ ఒక్కటి ఉందని తెలిస్తే దాన్ని రాత్రికి రాత్రి ఊడదీసుకుపోయేవాళ్లుంటారు. ఊరి పేరు, తేదీ, ఏ అర్ర, ఏ దిక్కు చూసి తీశారో మీ దగ్గరి ఫైల్లో రాసిపెట్టుకోండి. ఫోన్‌లో కెమెరా సెట్టింగుల్లోకి పోయి లొకేషన్ ట్యాగ్ ఆపేయడానికి అర నిమిషం పట్టదు. గడీ గేటు దగ్గరే ఆ పని చేయండి.